అరచేతుల చెమటకు నీళ్ల కరెంటు వైద్యం: ఇంట్లో చేసుకునేవాళ్లు జాగ్రత్త



ఈ వారం పాఠం పురుగు గురించి కాదు, పురుగును పట్టుకునే చేతుల గురించి. అరచేతుల్లో చెమట కారడం అంటే చాలామందికి చిన్న విషయం. ఆ బాధ పడేవాళ్లకు మాత్రం కాదు. ఆకు కోస్తుంటే కొడవలి పిడి జారుతుంది. చిన్న పురుగులు తడి వేళ్లకు అంటుకుపోతాయి. పడక మీద సున్నం కలిసిన పౌడర్ చల్లితే అది చెమటలో నాని చేతికి పట్టి మంట పెడుతుంది. గ్లౌజు వేసుకుంటే లోపలే నీళ్లు నిలుస్తాయి. చదువుకునే పిల్లలైతే పరీక్ష పేపరు తడవకుండా చేతికింద కర్చీఫ్ పెట్టుకుని రాస్తారు.

దీనికి అయాంటోఫోరెసిస్ అని ఒక వైద్యం ఉంది. చేతులు నీళ్లలో పెట్టి, ఆ నీళ్లలోకి చాలా కొద్దిగా కరెంటు పంపిస్తారు. మిషను కొనుక్కుని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇది తెలిసినవాళ్లు వెంటనే అడిగే మాట ఒకటుంది: "పాత చార్జరు వైరు కోసి, రెండు స్టీలు ప్లేట్లకు కలిపి మనమే చేసుకుంటే పోదా?" దానికి మా జవాబు ఒక్కటే, వద్దు. ఎందుకో కింద చెప్తాము.

*ముందు అది ఏ చెమటో తేల్చుకోండి*

చిన్నప్పటి నుంచో, వయసుకు వచ్చేటప్పటి నుంచో రెండు అరచేతులకూ సమానంగా చెమట పట్టడం, నిద్రలో ఆగిపోవడం, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండడం, ఇవి ఉంటే అది మామూలుగా వచ్చే అతిచెమట. డాక్టర్లు దీన్ని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. ఈ వైద్యం దానికోసమే.

పెద్దవయసులో కొత్తగా మొదలైతే, ఒంటినిండా పడితే, రాత్రి పడుకున్నప్పుడు పక్క తడిస్తే, బరువు తగ్గుతుంటే, గుండె దడగా ఉంటే దాని వెనక వేరే కారణం ఉండొచ్చు. థైరాయిడ్, క్షయ, షుగర్ పడిపోవడం, వాడుతున్న మాత్రలు, ఏదైనా కావచ్చు. ముందు డాక్టరు చూడాలి.

ఇంకొకటి మనం బాగా గుర్తు పెట్టుకోవాల్సింది. తోటకు పురుగుమందు కొట్టిన రోజు ఉన్నట్టుండి చెమటలు కారి, నోట్లో నీళ్లూరి, చూపు మసకబారి, కండలు అదిరితే అది మందు విషం ఎక్కిన గుర్తు. బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

*ఈ వైద్యం ఎలా పనిచేస్తుంది*

ఇది కొత్తది కాదు. 1968లోనే లెవిట్ అనే అమెరికా చర్మవైద్యుడు ఇంట్లో వాడదగిన సులువైన మిషను గురించి రాశారు. రెండు ట్రేలు, ఒక్కోదానిలో ఒక్కో లోహపు రేకు, వాటి మీద జాలీ గానీ తువ్వాలు గానీ, మధ్యలో కరెంటు పెంచి తగ్గించే పెట్టె. అంతే సామాను. అరచేతులకు సాధారణంగా 15 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల డీసీ కరెంటు వాడతారు. ఆ కరెంటుకు చెమట గ్రంథులు కొంతకాలం పని తగ్గిస్తాయి. ఇది తాత్కాలికమే. వైద్యం మానేస్తే కొన్ని వారాల్లో చెమట మళ్లీ వస్తుంది.

*చార్జరుతో ఎందుకు వద్దు*

రెండు చేతులూ రెండు ట్రేలలో పెడితే కరెంటు ఒక చేతిలో ఎక్కి, రొమ్ము మీదుగా రెండో చేతిలోకి దిగుతుంది. అంటే గుండె దారిలోనే పోతుంది. మంచి మిషనులో ఆ కరెంటు ఒక హద్దు దాటదు, నిదానంగా పెరిగి నిదానంగా తగ్గుతుంది. చార్జరుకు, అడాప్టరుకు, ఇన్వర్టరు బ్యాటరీకి ఆ హద్దు లేదు. నాసిరకం చార్జరు లోపల చెడిపోతే 230 వోల్టుల లైను నేరుగా నీళ్లలోకి వస్తుంది. ఇంటి మెయిన్ దగ్గర బిగించే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు బయటికి పోతే లైను కొట్టేసేలా చేస్తారు. మన పల్లెల్లో చాలా ఇళ్లకు అదీ ఉండదు. తడి చేతుల్లో లైను కరెంటు పారితే కండలు బిగుసుకుని చేయి వెనక్కి రాదు.

అందుకే బ్యాటరీతో నడిచే, వైద్యం కోసమే తయారైన మిషనే వాడాలి. చార్జింగులో ఉన్నప్పుడు దాన్ని వాడకూడదు. మొదటి ఒకటి రెండు సార్లు చర్మవైద్యుడి దగ్గర చేయించుకుని, ఎంత కరెంటు సరిపోతుందో తెలుసుకుని ఇంటికి తెచ్చుకుంటే మేలు.

*ఎవరు చేసుకోకూడదు*

గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. చేతిలో రాడ్డు, ప్లేటు వేయించుకున్నవాళ్లు, గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు, కాపర్-టి ఉన్న ఆడవాళ్లు డాక్టరుకు చెప్పి, సరే అంటేనే చేసుకోవాలి. పిల్లలకు డాక్టరు చెప్పకుండా చేయొద్దు.

*చేసే పద్ధతి*

1. ఉంగరాలు, గాజులు, వాచీ, చేతి తాళ్లు అన్నీ తీసేయండి. లోహం ఉన్నచోట చర్మం కాలుతుంది.

2. చేతిమీద గీతలు, ఆకు కోసిన గాట్లు ఉంటే వాటిమీద వ్యాజలిన్ పూయండి. కరెంటు గాయం దగ్గరే గుమికూడి మంట పెడుతుంది. పెద్ద పుండు ఉంటే మానేదాకా ఆగండి.

3. ట్రేలో మామూలు కొళాయి నీళ్లు, అరచేయి మునిగేంత మాత్రమే పోయండి. ఫిల్టరు నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు. కోలారు, చిక్కబళ్లాపుర వైపు బోరు నీళ్లు బాగా గట్టివి, వాటిలో కరెంటు సులభంగా పారుతుంది. అందుకని కరెంటు మరీ నిదానంగా పెంచాలి. ఉప్పు వేయొద్దు. బ్లీచింగ్, ఫార్మలిన్ కలిపిన బేసిన్ వాడొద్దు.

4. రేకు మీద జాలీ గానీ తువ్వాలు గానీ తప్పకుండా ఉండాలి. చర్మం రేకును నేరుగా తాకకూడదు.

5. మిషను సున్నాలో ఉన్నప్పుడే రెండు చేతులూ నీళ్లలో పెట్టండి. తర్వాతే కరెంటు పెంచండి. సన్నగా చీమలు పాకినట్టు ఉండడం మామూలే. నొప్పి, పోటు వస్తే ఎక్కువైనట్టు, వెంటనే తగ్గించండి.

6. కరెంటు పారుతుండగా చేయి ఎత్తడం, ఫోను తీయడం చేయొద్దు. ఒక్కసారిగా తెగితే ఝుమ్మని షాకు కొడుతుంది. ముందు సున్నాకు తెచ్చి, ఆ తర్వాతే చేతులు తీయాలి. మొదట్లో మీటరు తిప్పడానికి ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

7. 20 నుంచి 30 నిమిషాలు చాలు. సగంలో సున్నాకు తెచ్చి, ప్లస్సు మైనస్సు మార్చి, మళ్లీ పెంచితే రెండు చేతులకూ సమానంగా పనిచేస్తుంది.

8. వారానికి మూడు నాలుగు సార్లు చేస్తే చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో చేతులు ఆరడం మొదలవుతుంది. తర్వాత వారానికో, రెండు వారాలకో ఒకసారి చేస్తే నిలుస్తుంది. తొందరపడి కరెంటు పెంచినంత మాత్రాన ఫలితం ముందే రాదు, బొబ్బలు మాత్రం వస్తాయి.

*పంట పనితో ఎలా కుదుర్చుకోవాలి*

గూళ్లు మార్కెట్టుకు పోయిన మరుసటి వారం మొదలుపెట్టడం మంచిది. అప్పటికి చేతికి కాస్త తీరిక ఉంటుంది. చాకీ పురుగులు తెచ్చి, అవి నాలుగో జ్వరం లేచేసరికి ఈ మొదటి విడత దాదాపు అయిపోతుంది. ఐదో దశలో ఆకు మోత ఎక్కువ కాబట్టి అప్పుడు వారానికి ఒకసారి చేసుకుంటే సరిపోతుంది.

షెడ్డు కడిగి బ్లీచింగ్ కొట్టే రోజుల్లో జాగ్రత్త. ఈ వైద్యంతో చర్మం ఎర్రబడి, ఎండి, పగలొచ్చు. ఆ పగుళ్లలోకి బ్లీచింగ్, సున్నం పోతే చాలా బాధ. గ్లౌజు వేసుకోండి. చర్మం ఎర్రగా ఉంటే ఆ రోజు వైద్యం ఆపండి. రాత్రి పడుకునే ముందు కొబ్బరి నూనె రాసుకోవచ్చు. తెల్లారి షెడ్డులోకి పోయేముందు సబ్బుతో బాగా కడుక్కోండి. పురుగు తన ఒంటి పక్కన ఉండే సన్న రంధ్రాలతోనే ఊపిరి తీసుకుంటుంది. నూనె చెయ్యి తగిలితే అవి మూసుకుంటాయి.

*దీనితో తగ్గకపోతే*

ఈ మిషను కొనేముందు ఒక చవక దారి కూడా చూడొచ్చు. అల్యూమినియం క్లోరైడ్ ఉన్న మందు రాత్రిపూట పొడి చేతికి రాసి పొద్దున కడగడం. చాలామందికి డాక్టర్లు మొదట ఇదే రాస్తారు. రెండూ పనిచేయకపోతే మాత్రలు, బోటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆపరేషన్ కూడా ఉంది గానీ, దాని తర్వాత చాలామందికి వీపుకూ, కడుపుకూ చెమట ఎక్కువవుతుంది. అది ఆఖరి దారి.

చెమట చేతులు ఉన్నవాళ్లు నలుగురిలో చెప్పుకోలేక, చేయి కలపలేక ఏళ్ల తరబడి దాచుకుంటారు. దాచుకోవాల్సిన జబ్బు కాదిది, వైద్యం ఉన్న జబ్బు. మీ ఇంట్లో ఆడపిల్లకో, మగపిల్లాడికో ఉంటే చర్మవైద్యుడికి చూపించండి. వైరు, ప్లేటు పట్టుకుని వాళ్లే ఏదో ప్రయత్నం చేయకముందే ఈ పాఠం చదివి వినిపించండి.

సందేహాలుంటే గ్రూపులో అడగండి. నలుగురిలో అడగడానికి మొహమాటమైతే మాకు విడిగా మెసేజ్ పెట్టండి.