ఏప్రిల్ 25 సెలవు వెనుక ఒక పనివాడు



అల్లుడూ, ఆంజాక్ డే అని మెల్‌బోర్న్‌లో సెలవిచ్చారనీ, అదెందుకో సరిగా తెలియదనీ ఫోన్లో అన్నావు. వడ్రంగం పనిలో అప్రెంటిస్‌గా చేరిన సంగతి అమ్మకు చెప్పలేదనీ, ఆవిడ ఇంకా ఆఫీసు ఉద్యోగమే అనుకుంటోందనీ కూడా అన్నావు. ఆ రెండు మాటలూ విన్నాక నాకు విలియం స్కర్రీ గుర్తొచ్చాడు. మీ ఊరివాడే.

అతను 1895లో మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్‌లో పుట్టాడు. భవనాలకు అలంకరణ నమూనాలు చేయడం తండ్రి వృత్తి. బడి చదువు కాగానే కొడుకూ ఆ పనిలోనే చెయ్యి పెట్టాడు. 1915లో సైన్యంలో చేరి, ఆ ఏడాది చివరికి టర్కీ తీరాన గల్లిపోలీ కందకాల్లో ఉన్నాడు. వయసు ఇరవై, హోదా లాన్స్ కార్పొరల్.

అప్పటికే అక్కడ యుద్ధం చేజారిపోయింది. ఏప్రిల్ 25న సైనికులు తీరంలో దిగారు, నీ సెలవు ఆ రోజు గుర్తుగానే. అప్పటి నుంచి ఎనిమిది నెలల్లో 8,000 మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు. ఇక వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చింది. ఆంజాక్ స్థావరం నుంచి ఐదు రాత్రుల్లో 36,000 మంది పడవలెక్కాలి. కొన్నిచోట్ల శత్రువు కందకం కొద్ది గజాల దూరంలోనే ఉంది. తుపాకులు ఒక్కసారిగా మూగబోతే, వెళ్లిపోతున్నారని వాళ్లు ఇట్టే పసిగడతారు. మరి మనిషి వెళ్లిపోయాక తుపాకి ఎలా పేలాలి?

స్కర్రీ రెండు ఖాళీ డబ్బాలు తీసుకున్నాడు. పైడబ్బాలో నీళ్లు పోసి అడుగున చిల్లు పెట్టాడు. కింది డబ్బాను దారంతో రైఫిల్ ట్రిగ్గర్‌కు కట్టాడు. పైనుంచి నీళ్లు చుక్కచుక్కగా కారి కింది డబ్బా నిండుతుంది, బరువెక్కి దారాన్ని లాగుతుంది, తుపాకి పేలుతుంది. మనిషి కందకం వదిలిన ఇరవై నిమిషాలకు అది పేలేది. దాన్ని డ్రిప్ రైఫిల్ అన్నారు. చివరి జట్లు బూట్లకు గోనెగుడ్డలు చుట్టుకుని చప్పుడు చేయకుండా కొండ దిగుతుంటే, పైన ఖాళీ కందకాల్లో తూటాలు పేలుతూనే ఉన్నాయి. డిసెంబరు 20 తెల్లవారేసరికి దాదాపు ప్రాణనష్టం లేకుండా అందరూ బయటపడ్డారు. స్కర్రీకి డిస్టింగ్విష్డ్ కాండక్ట్ మెడల్ ఇచ్చారు.

అల్లుడూ, ఆ చిల్లు గురించి ఆలోచించు. కాస్త పెద్దదైతే తుపాకి ముందే పేలుతుంది, చిన్నదైతే ఆలస్యమవుతుంది. దారం బిగువు, డబ్బా బరువు, ట్రిగ్గర్ పట్టు మూడూ కుదరాలి. ఆటోనగర్‌లో లేత్ మీద ముప్పై నాలుగేళ్లు గడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నా, అది కొలతలు వేళ్లకు పట్టినవాడి పని. అతనికి అది తండ్రి దగ్గర అబ్బిందనే నా నమ్మకం.

మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో ఒక బాంబును పరీక్షిస్తుంటే అది పేలింది. కుడిచేతి చూపుడు వేలు పోయింది, కంటిచూపు దెబ్బతింది. అయినా మళ్లీ విధుల్లో చేరి, ఇతరులకు ట్రెంచ్ మోర్టార్లు వాడటం నేర్పాడు. యుద్ధం ముగిశాక తండ్రితో కలిసి పాత పనికే వచ్చాడు. కానీ సన్నటి పనికి కళ్లు సహకరించలేదు. చేతికొచ్చిన విద్యను వదులుకుని, మెల్‌బోర్న్‌కు తూర్పున సిల్వన్‌లో పండ్లతోట పెట్టుకున్నాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు చాలా బాధేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ యూనిఫాం వేసుకుని, టాటూరా నిర్బంధ శిబిరాల్లో పనిచేశాడు. 1963లో కన్నుమూశాడు.

అతని కళ్ల సంగతి విన్నావు కదా, అందుకే మొదట చెప్పేది, రంపం మిషను దగ్గర కళ్లద్దాలు తీయకు. చెమట పట్టినా, సూపర్‌వైజరు తొందరపెట్టినా తీయకు. రోజూ చేసిన కొలతలు ఒక నోటుపుస్తకంలో రాసుకో. తప్పు కోసిన చెక్కను దాచకుండా మేస్త్రీకి చూపించి, ఎక్కడ తేడా వచ్చిందో అడుగు.

ఇక మీ అమ్మ సంగతి. మీ తాతగారి బాడిస ఇప్పటికీ ఆవిడ దేవుడి గదిలోనే ఉంది, దసరాకి బొట్టు పెడుతుంది. ఈ ఆదివారం ఫోన్ చేసి నువ్వే చెప్పు. నువ్వు సొంతంగా బిగించిన తలుపు ఫొటో కూడా పంపు.