ద్వారమునొద్ద నిలిచిన అయిదుగురు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 26:52–56, 27:1–11, యెహోషువ 17:3–6



సంఖ్యాకాండము చదువునప్పుడు మనలో చాలమంది 26వ అధ్యాయమును దాటి పోవుదురు. అంతయు పేర్లు, లెక్కలే గదా అని. నేనును అట్లు దాటిపోయిన వాడనే. అయితే ఆ లెక్క తెలియనిదే 27వ అధ్యాయము బోధపడదు. మోయాబు మైదానములలో ఇరువది ఏండ్లు మొదలుకొని పై ప్రాయముగల పురుషులను లెక్కించిరి. ఆ లెక్క చొప్పుననే భూమిని పంచిపెట్టవలెనని ఆజ్ఞ. సెలోపెహాదు అనువాడు అరణ్యములో చనిపోయెను. అతనికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు కుమార్తెలే. వారి పేర్లు ఆ అధ్యాయములో కనబడుచున్నవి గాని భూమిలో వంతు మాత్రము లేదు.

అప్పుడు వారేమి చేసిరో చూడుడి. ఇంట కూర్చుండి ఏడ్వలేదు. మోషే ఎదుటను, యాజకుడైన ఎలియాజరు ఎదుటను, ప్రధానుల ఎదుటను, సర్వసమాజము ఎదుటను, ప్రత్యక్షపు గుడారముయొక్క ద్వారమునొద్ద నిలిచిరి. నేటి మాటలో చెప్పవలెనంటే అది బహిరంగ విచారణ. అక్కడ ఆడువారు నోరు తెరచుట సామాన్య విషయము కాదు.

వారు మొదట చెప్పిన మాటలలో ఒకటి మనము తరచుగా గమనింపము. తమ తండ్రి కోరహు సమూహములో చేరినవాడు కాడని వారు తెలిపిరి. ఎందుకు? కోరహు తిరుగుబాటు జరిగి చాల కాలమైనను ఆ భయము జనులలో ఇంకను ఉండెను. ఎవరైన లేచి ప్రశ్నించినచో, ఇదిగో మరియొక కోరహు అనుట సుళువు. తాము అడుగుచున్నది తిరుగుబాటు కాదనియు, న్యాయమేయనియు వారు ముందే స్పష్టము చేసిరి. మోషే తనంతట తాను తీర్పు చెప్పక ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొని పోయెను. ఆ కుమార్తెలు చెప్పినది యుక్తమని దేవుడే సెలవిచ్చెను. ఉన్న కట్టడకు కొత్త కట్టడ చేర్చబడెను.

ఈ పాఠమును ఈ నెల ఎత్తుకొనుటకు కారణమున్నది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో కరువు కొత్త కాదు. వేయి అడుగులు బోరు వేసి దుమ్ము చూచినవారు మన సంఘములలో ఉన్నారు. బోరు లోతైన కొలది మోటారు పెద్దది కావలెను, కరెంటు ఎక్కువ కావలెను. ఇది ఇట్లుండగా 2021 నవంబరులో వరద వచ్చెను. స్వర్ణముఖి పొంగెను, తిరుపతి వీధులు మునిగెను, రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టకు గండి పడునేమోయని దిగువ పల్లెలను ఖాళీ చేయించిరి. నీళ్లు లేక ఏడ్చిన ఊళ్లే నీళ్లకు భయపడి పరుగెత్తెను. బొగ్గు, నూనె కాల్చిన పొగవలన భూమి వేడెక్కుచున్నదని మీరు వినియే యున్నారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అందులో ఇముడు నీటియావిరి ఇంచుమించు నూటికి 7 వంతులు హెచ్చును. అందుచేతనే కురిసినప్పుడు కుండపోతగా కురియుచున్నది. ఆ పొగకు మన పల్లెవారు కారకులైనది బహు కొద్ది.

గనుక బొగ్గును మాని ఎండనుండి కరెంటు తీయుట మంచిదే. మన రాయలసీమకు దేవుడు ఎండను కొదువ చేయలేదు. మదనపల్లెకు ఉత్తరముగా, కదిరి ప్రాంతమునందలి నంబులపూలకుంటలో 1,500 మెగావాట్లకు తలపెట్టిన సౌర విద్యుత్ పార్కులో 2016లో మొదటి 250 మెగావాట్లు పని ఆరంభించెను. పొగ లేదు, బూడిద లేదు. కాని పలకలు పరచుటకు వేలకొలది ఎకరములు కావలెను. ఆ ఎకరములు ఎవరివి? పట్టాదారులున్నారు, డి.కె.టి. పట్టాదారులున్నారు, ఏ కాగితము లేకయే తాతల నాటినుండి దున్నుకొనుచున్నవారును ఉన్నారు. 2015లో అక్కడి రైతులు పరిహారము కొరకు ఆందోళన చేసిరి. కాగితము లేని సాగుదారుని బాధ సెలోపెహాదు కుమార్తెల బాధ వంటిదే. మనిషి ఉన్నాడు, చెమట ఉన్నది, లెక్కలో వంతు లేదు.

ఇక్కడ నా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు అవ్వ ఒకామె ఒక కాగితము తెచ్చెను. "అయ్యగారూ, దీంట్లో ఏం రాసిండారో సదివి చెప్పండయ్యా" అని అడిగెను. ఆమె కయ్యమీదుగా పెద్ద కరెంటు లైను పోవుననియు, అభ్యంతరమున్న యెడల ఫలాని తేదీలోపల తెలుపవలెననియు అందులో ఉండెను. "సరే అవ్వా, ప్రార్థన చేసికొందాము" అంటిని. ప్రార్థన చేసితిమి. కాగితమును నా బైబిలులో పెట్టుకొంటిని. మరల చూచునప్పటికి తేదీ దాటి మూడు వారములైనది. ఈనాడు ఆ కయ్యలో ఇనుప టవరు నిలిచి యున్నది. దానికి ఆమెకు ఏమి వచ్చినదో, ఏమి రాలేదో ఆమె నాతో చెప్పలేదు. అడుగుటకు నాకు ముఖము లేదు. నేను ఆ దినమున ప్రార్థించుట తప్పు కాదు. ప్రార్థన పేరుతో ఆమెను ద్వారమునొద్దకు పోనీయకుండుట తప్పు.

ద్వారములు ఉన్నవా అని మీరు అడుగవచ్చును. ఉన్నవి. పెద్ద బొగ్గు విద్యుత్కేంద్రము వంటిది కట్టవలెనన్న 2006 నాటి కేంద్ర ప్రకటన చొప్పున ఆ స్థలముననే గాని దాని దగ్గర గాని బహిరంగ విచారణ జరుగవలెను. 30 దినములు ముందుగా పత్రికలలో తెలుపవలెను, కలెక్టరు గాని అదనపు మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహింపవలెను, జరిగినదంతయు వీడియో తీయవలెను. ఇంతమంది రావలెనను నియమము లేదు. అనగా మనము పోకపోయినను సభ జరిగినట్లే లెక్క! శ్రీకాకుళము జిల్లా సోంపేట ప్రజలు తమ బీలను, అనగా ఆ ప్రాంతపు చిత్తడి నేలను, కాపాడుకొనుటకు బొగ్గు విద్యుత్కేంద్రమునకు ఎదురు నిలిచిరి. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. ఆ దినముననే ఢిల్లీలోని పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దు చేసెను. అక్కడ ఆ కేంద్రము కట్టబడలేదు. కేంద్రములో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి, పదవీ విరమణానంతరము విశాఖపట్టణములో నివసించుచున్న ఇ.ఎ.ఎస్. శర్మగారు వంటివారు వారి పక్షమున ఉత్తరములు వ్రాసిరి. ఉత్తరము చిన్న ఆయుధమని తలంపకుడి.

సౌర పార్కులకు మాత్రము ఇట్టి విచారణ అక్కరలేదని మినహాయింపు ఇచ్చిరి. ఇది నాకు న్యాయముగా తోచదు. పొగ లేనంత మాత్రాన భూమి పోయినవాని మాట వినకపోవుటకు కారణమేమి? అట్టిచోట గ్రామసభ, తహశీల్దారు కచ్చేరి, కలెక్టరుగారి సోమవారపు అర్జీలే మనకు ద్వారము. టవరు లైన్లకైతే 2024 జూనులో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములు మార్చెను. టవరు కాళ్ల స్థలమునకు భూమి విలువకు రెట్టింపు, తీగల క్రింది మేరకు నూటికి 30 వంతులు అని అందులో ఉన్నది. 2015 నాటి మాటలో అవి 85, 15 వంతులు మాత్రమే. అయితే రాష్ట్రము ఉత్తరువు చేసిన మేరకే ఇది చెల్లును గనుక తహశీల్దారును అడిగి తెలిసికొనవలెను.

ఇక కరెంటు ఛార్జీల సంగతి. మన జిల్లాలకు కరెంటు పంచు కంపెనీ ప్రధాన కార్యాలయము తిరుపతిలోనే ఉన్నది. ఏటేట నవంబరు నెలాఖరుకు కంపెనీలు తమ లెక్కలను విద్యుత్ నియంత్రణ మండలికి పంపును. ఈ మండలి 2023నుండి కర్నూలులో ఉన్నది. 2003 విద్యుత్ చట్టము 64వ సెక్షను చొప్పున ప్రజల అభ్యంతరములను ఆలోచించిన పిమ్మటనే ధర నిర్ణయింపవలెను. ఏప్రిల్ 1నుండి కొత్త ధరలు. పాత్రికేయులైన ఎం. వేణుగోపాలరావుగారు వంటివారు ఏండ్ల తరబడి ఈ విచారణలలో కంపెనీల లెక్కలను ప్రశ్నించుచు వచ్చిరి. మన పల్లెలనుండి ఎందరు పోయిరి? తక్కువ వోల్టేజితో మోటారు కాలినవాడు, తెగిన తీగ తగిలి ఎద్దును పోగొట్టుకొన్నవాడు మనవాడే గదా.

"సంఘమునకు రాజకీయములెందుకు?" అని పెద్దలు కొందరు అడుగుదురు. వారి భయము నాకు తెలియును. కోరహును తలంచుకొనియే వారు అడుగుచున్నారు. అయినను పౌలు తన వ్యాజ్యమును కైసరునొద్దకు తీసికొని పోవుటకు సంకోచింపలేదు (అపొ. కార్యములు 25). ఏ పార్టీ జెండా పట్టుకొనుమని నేను చెప్పుటలేదు. రాళ్లు పట్టుకొనుమని అసలే చెప్పను.

ఆ అయిదుగురు మాటలాడిన రీతిని మరల చదువుడి. తండ్రి ఎవరు, ఎట్లు చనిపోయెను, ఏమి నష్టము కలుగును, ఏమి కావలెను. నాలుగే సంగతులు. మన అర్జీయు అట్లే ఉండవలెను: ఊరు, సర్వే నెంబరు, జరిగినది, తేదీ, కోరునది. ఒక పుట చాలును. రసీదు తీసికొనక ఇంటికి రారాదు.

ఇంతటితో వారి కథ ముగియలేదు. మోషే చనిపోయిన తరువాత, యొర్దాను దాటి భూమి పంచుచున్నప్పుడు, వారు మరల ఎలియాజరు నొద్దకును యెహోషువ నొద్దకును వచ్చి నాటి ఆజ్ఞను జ్ఞాపకము చేయవలసి వచ్చెను. ఉత్తరువు పుట్టుట ఒకటి, భూమి చేతికి వచ్చుట ఒకటి. నడుమ ఏండ్లు గడచెను, అధికారి మారెను. వారు మాత్రము మరువలేదు.

మా సంఘములో ఇప్పుడు బుధవారపు ప్రార్థన కూటము ముగిసిన పిమ్మట అరగంట సేపు కాగితములు చదువుచున్నాము. పదవ తరగతి చదువుచున్న ఆడపిల్లలిద్దరు చదివి, తేదీలను గోడమీది క్యాలెండరులో వ్రాయుచున్నారు. మొన్న అవ్వయు వచ్చెను. ఆమె చేతిలో డి.కె.టి. పట్టా, అడంగలు నకలు ఉండెను. టవరు సంగతి ఇప్పుడైనను అడుగవచ్చునా అని అడిగెను. వచ్చు సోమవారము ఆమెతో కూడ నేను కలెక్టరు కచ్చేరికి పోవుచున్నాను.