మార్పుల వెనుక చరిత్ర

పురాతన వస్తువు చేతికి రాగానే దానిని తళతళ మెరిపించాలని మనసు ఉవ్విళ్ళూరుతుంది. ఆ ఉత్సాహాన్ని అణచుకొనడమే పరిరక్షకుని ప్రథమ ధర్మం. ఇందుకు అమెరికా దేశపు ‘కోల్ట్ నేవీ’ రివాల్వరు చక్కని నిదర్శనం.

శామ్యూల్ కోల్ట్ స్థాపించిన సంస్థ 1850 నుండి 1873 వరకు ఈ రివాల్వర్లను రెండు లక్షలకు పైగా తయారుచేసింది. సిలిండరులోని ఆరు గదులలో ముందువైపు నుండి తుపాకిమందును, సీసపు గుండును కూరేవారు. వెనుకవైపు చిన్న రాగి టోపీలను తొడిగేవారు. సుత్తి దెబ్బకు టోపీలోని పదార్థం రగిలి, నిప్పు లోపలి మందును అంటుకొనేది.

ఇట్టి ఆయుధంలో పాత మందు నేటికీ మిగిలి ఉండవచ్చు. కనుక అది ఖాళీగా ఉన్నదని ముందుగా నిపుణునిచేత నిర్ధారింపజేసుకోవాలి. పిమ్మట గొట్టం, చట్రం, సిలిండరు, ట్రిగ్గరు కవచం మొదలైన వాటిపై ఉన్న వరుస సంఖ్యలను పోల్చి చూడాలి. సంఖ్యలు కలియకపోతే ఏదో ఒక భాగం మారినదని భావించాలి.

అయితే మారినదంతా చెడినది కాదు. వెనుకనుండి తూటా నింపే సిలిండరుపై రోలిన్ వైట్‌కు గల పేటెంటు 1869లో ముగిసింది. తరువాత కోల్ట్ సంస్థయే అనేక పాత రివాల్వర్లను తూటాలకు అనువుగా మార్చింది. ఆ మార్పు కాలం చేసిన సంతకం. దానిని తొలగించి ‘అసలు రూపం’ తెస్తామనడం చరిత్రను చెరిపివేయడమే. ధర కోసం పాత సంఖ్యను అరగదీసి కొత్త సంఖ్యను చెక్కడం మాత్రం మోసం.

సిలిండరుపై 1843 నాటి కాంపెచే నౌకాయుద్ధ దృశ్యం పలుచగా ముద్రితమై ఉంటుంది. సానపట్టి మెరుగుపెడితే ఆ దృశ్యం అరిగిపోతుంది, మరల రాదు. అందుచేత ఎర్రని తుప్పును నూనెతో నానబెట్టి మెల్లగా తీయాలి. కాలక్రమాన ఏర్పడిన గోధుమవన్నెను అట్లే ఉంచాలి. విరిగిన స్ప్రింగుకు బదులు కొత్తది అమర్చినచో దానికి గుర్తు పెట్టి, పాతదానిని భద్రపరచి, చేసిన పనిని వ్రాసి ఉంచాలి.

తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు ప్రక్షిప్తమని తోచిన పద్యాన్ని చింపివేయడు; గుర్తించి చూపుతాడు. పాత వస్తువును బాగుచేసేవానికి కూడ ఆ నిజాయితీయే కావాలి.

ప్రశ్నలు
1. మారిన భాగాలన్నీ దోషాలు కావని రచయిత ఎట్లు సమర్థించారు?
2. పరిరక్షకుడు పాటింపవలసిన నియమాలను వివరింపుము.