ఎండలో వైపరు ఆడితే

ఒంగోలు.

చిరంజీవి చిన్నమ్మడికి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

కారు కొన్నావనీ, టెక్సస్ లైసెన్సు చేతికొచ్చిందనీ, పరీక్ష 20 నిమిషాల్లో అయిపోయిందనీ మీ అమ్మ చదివి వినిపించింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీ వయసు వాళ్లకి అక్కడ 6 గంటల క్లాసు తప్పనిసరి అన్నావు. అదీ ఆన్‌లైన్లోనే. ఆ 6 గంటల్లో ఒక్క నిమిషమైనా స్టీరింగు పట్టించరు. రాతపరీక్షలో నూటికి 70 వస్తే పాసు. మరి పోయిన 30లో ఏముందో ఎవరు చూస్తారు? డివైడరు లేని రోడ్డు మీద స్కూలు బస్సు ఎర్రలైట్లు కొడుతూ ఆగితే ఎదురొచ్చే బండి కూడా ఆగాలన్న ప్రశ్న అందులో ఉంటే? ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే చాలని మీ రూమ్మేటు అంటోందట. అది మన లైసెన్సుకి అనువాదం తల్లీ. అది ఇచ్చేటప్పుడు ఎవరూ కొత్తగా బండి నడిపించి చూడరు. ఇక్కడ ట్రాకు మీద తిప్పిన ఎనిమిది అంకె డాలస్ హైవేకి ఏ మూలకి చాలుతుంది?

ఆవకాయ అందిందా? సీసా మూత గట్టిగా పెట్టు.

నా భయం ట్రాఫిక్ గురించి కాదు. నలుగురూ వెళ్తుంటే వాళ్ల వెనకే అక్కడి పద్ధతిలో కుడిపక్కన పోతావు. పొద్దున 5 గంటలకి బయల్దేరుతున్నావట, ఆ ఖాళీ రోడ్డంటేనే భయం. నేను హెవీ లైసెన్సు తీసుకున్న కొత్తల్లో, అద్దంకి దారిలో తెల్లవారుజామున ఎడ్లబండిని దాటి కుడిపక్కకి వెళ్లాను. ఎదురుగా ఎవరూ లేరు. మళ్లీ ఎడమకి రావాలన్న ధ్యాసే లేదు. మలుపులో పాలబ్బాయి సైకిలు ఎదురైంది. బ్రేకు తొక్కాను. వాడు పక్కకి దూకాడు, దెబ్బ తగల్లేదు. క్యాన్లు దొర్లి నల్లటి తారు మీద పాలు పారాయి. నాకు నిద్రమత్తు లేదమ్మా. లైసెన్సు జేబులోనే ఉంది. ఆ తెల్లటి చార ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది.

అక్కడ ఎడమకి తిరగడమంటే మన దగ్గర కుడికి తిరగడమే. ఎదురొచ్చే బండ్లన్నిటికీ దారిచ్చి, అవి పోయాక తిరగాలి. తిరిగాక చెయ్యి అలవాటుగా ఎడమ పక్కకే లాగుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఇక్కడైనా అక్కడైనా డ్రైవరు సీటు నడిరోడ్డు గీత వైపే ఉండాలి. పార్కింగులోంచి బయటికొచ్చే ప్రతిసారీ, పెట్రోలు బంకులోంచి వచ్చేటప్పుడూ, ఎడమకి తిరిగిన ప్రతిసారీ "గీత నా పక్కనే ఉందా?" అని పైకి అనుకో. ఎవరు వింటారని సిగ్గుపడకు.

మన కార్లలో చాలావాటికి ఇండికేటరు కుడిచేతి వైపు, అక్కడ ఎడమచేతి వైపు. నువ్వు ఇండికేటరు వేయబోతే ఎండలో వైపరు ఆడిందనుకో, నీ చేతులింకా ఒంగోల్లోనే ఉన్నాయని అర్థం. ఆ రోజు హైవే ఎక్కకు. ఆదివారం ఖాళీ పార్కింగులో ఇంకో గంట తిప్పు. శిక్షకుణ్ణి పెట్టుకోవడానికి డబ్బులు కావాలంటే నేను పంపుతాను, మీ నాన్నకి చెప్పొద్దు.

ఖాళీ కడుపుతో స్టీరింగు పట్టకు. ఆఫీసుకి చేరగానే ఒక్క మెసేజి పెట్టు. అది వచ్చేదాకా ఎదురుచూస్తూనే ఉంటాను.

నీ పెద్దనాన్న