ఛాయాచిత్రపు స్ఫుటత్వము: కెమేరా పేరు ఎంతవరకు కారణము?

ఛాయాచిత్రము స్ఫుటముగా వచ్చుటకు కెమేరా కంపెనీ పేరు కారణమగునా యను ప్రశ్న న్యాల్‌కల్ ప్రాంతపు రైతు సోదరులకు వినోదమాత్రము కాదు. కంది పూతపై పురుగు, శనగ కాయకు రంధ్రము, అల్లపు దుంపకు కుళ్ళు కనబడినంతనే చిత్రము తీసి వ్యవసాయాధికారికి పంపుట నేడు వాడుకైనది. చిత్రము మసకయైనచో తెగులు గుర్తింపు తప్పును; గుర్తింపు తప్పినచో మందు తప్పును; మందు తప్పినచో పైకమును పైరును రెండును పోవును. కావున అప్పుచేసి పేరుగల కెమేరాను కొనకమునుపే ఈ విషయమును విచారింపవలెను.

స్ఫుటత్వమనునది రెండు విధములు. సన్నని వివరములు విడివిడిగా కనబడుట మొదటిది. అంచులు కొట్టవచ్చినట్లు కనబడుట రెండవది. మొదటిది కటకము, అనగా లెన్సు, యొక్క మంచితనమువలనను, వెలుతురువలనను, చేతి నిలుకడవలనను కలుగును. రెండవది చాలవరకు కెమేరాలోని గణనయంత్రము చేయు సంస్కారము. ఒక్కొక్క కంపెనీ అంచులను ఒక్కొక్క పాలున పదును పెట్టును. పేరునుబట్టి కనబడు భేదములో పెద్దభాగ మిదియే. కంటికి కాటుక దిద్దిన అందము హెచ్చును గాని చూపు హెచ్చదు. అటులే ఈ పదునువలన లేని వివరము పుట్టదు.

వెలుతురును గ్రహించు సెన్సారు విషయమును చూడుడు. నికాన్ కంపెనీ తన కెమేరాలు పెక్కింట సోనీవారు చేసిన సెన్సార్లను వాడియున్నది. పైపేరు వేరైనను లోపలి యంగము ఒకేచోట తయారై యుండవచ్చును. ఇక కటకములలో, ఒకే కంపెనీ అమ్ము చౌక కటకమునకును మేలైన కటకమునకును గల భేదము, రెండు కంపెనీల సమానస్థాయి కటకముల నడుమ భేదముకంటె తరచుగా అధికము. కావున పేరుకంటె కటకమును ముందు పరీక్షింపవలెను.

పూర్వము 6వ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజుపలకలపై తీసిన చిత్రములలో కట్టడముల చెక్కడపు పనియు నేటికిని చక్కగా కనబడుచున్నది. పెద్ద పలక, కదలని ముక్కాలి స్టాండు, వెలుతురు నెరిగిన కన్ను, ఓర్పు ఆ పనికి ఆధారములు.

కదలికవలని నష్టమును లెక్కవేసి చూతము. గాలికి ఆకు సెకనుకు 10 సెంటీమీటర్లు కదలుచున్నదనుకొందము. కెమేరా తలుపు సెకనులో 30వ వంతు తెరచియున్నచో ఆకు 3 మిల్లీమీటర్లకు పైగా జరుగును. పేనుబంక పురుగు సుమారు 2 మిల్లీమీటర్లే. అట్టి చిత్రములో పురుగు గీతయై పోవును. 500వ వంతున తీసినచో జరుగుడు మిల్లీమీటరులో 5వ వంతు మాత్రమే. ఎంత గొప్పపేరు గల కెమేరాయైనను ఈ లెక్కను తప్పించుకొనజాలదు.

చుక్కల సంఖ్యనుగూర్చియు భ్రమ కలదు. 6 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పుగల కాగితముపై అంగుళమునకు 300 చుక్కల చొప్పున ముద్రించుటకు 1800ను 1200తో గుణింపగా 21,60,000 చుక్కలు చాలును. 2 కోట్ల 40 లక్షల చుక్కల కెమేరా కొన్నవానికి ఆ కాగితముపై అధికలాభము కనబడదు. చిత్రమును మిగుల పెద్దది చేయునపుడును, కొంతభాగమునే కత్తిరించి చూపునపుడును అది యుపకరించును.

జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగా గల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని గ్రామీణ స్త్రీలు వీడియో కెమేరా పట్టి సేద్యపు సంగతులను చిత్రించిరి. ఎదుటి మనిషి కంటియెత్తున కెమేరా నుంచి తీయు దృశ్యమునకు వారు ‘సంఘం షాట్’ అని పేరిడిరి. వారు మనుష్యుల యెడల పాటించిన ఈ నియమమును మనము మొక్కల యెడలను పాటింతుము గాక. నిలువబడి పైనుండి తీయక, ఆకు ఎత్తునకు వంగి, కెమేరా ముఖమును ఆకునకు సమాంతరముగ నుంచినచో ఆకంతయు ఒకే దూరమున నుండి స్ఫుటముగా వచ్చును.

సభ్యులు చేయవలసిన పనులు ఇవి:

1. తీయుటకు ముందు కటకమును మెత్తని శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. వ్రేలి జిడ్డు చిత్రమును మసక చేయును.

2. మంచి వెలుతురున, గాలి తగ్గిన వేళ, ఆకు కాడను ఒక చేతితో నిలిపి తీయవలెను.

3. మరీ దగ్గరకు పోరాదు. దృష్టి కుదిరిన దూరమున నిలిచి, పురుగుపై వ్రేలుతో తాకి దృష్టి నిలుపవలెను.

4. వాట్సాప్‌లో సాధారణముగ పంపిన చిత్రము కుదింపబడి వివరము కోల్పోవును. డాక్యుమెంటుగా పంపినచో అసలు చిత్రము చేరును.

కొనదలచినవారు ముందుగా నొక పరీక్ష చేయుదురు గాక. గోడకు వార్తాపత్రిక నంటించి, రెండు కెమేరాలను ఒకే దూరమున, ఒకే వెలుతురున స్టాండుపై నుంచి తీయుడు. కెమేరాల పేర్లు చెప్పక, చిత్రములను మరియొకరికి చూపుడు. వారు భేదము కనుగొనలేకపోయినచో ఆ పేరునకై అధికముగ నిచ్చు ధనము వృథా. భేదము కనుగొన్నచో అది మధ్యనున్నదా, అంచుల నున్నదా, చిన్న అక్షరములలో నున్నదా చూచి, మీ పనికి అది యుపయోగించునేని కొనుడు. చీడల చిత్రములే పనియైనవారికి దగ్గరి వస్తువులను తీయుటకు ప్రత్యేకముగ చేసిన కటకము కొంత పైకమునకు తగినదే.

విత్తనపు సంచిపై బొమ్మచూచి విత్తనము కొనము. మొలక చూచి కొందుము. కెమేరాకును అదే పరీక్ష.