నోరు తెరవకముందు వాళ్లు మంచోళ్లే

గంభీరావుపేట

ప్రియమైన బిడ్డకు పెద్దబాపు రాయునది.

మొన్న ప్రార్థన కూటంల నువ్వు మాట్లాడిన వీడియో చూసిన. గొంతు బాగున్నది, వాక్యం మీద పట్టున్నది. నర్మాల వరద ముచ్చట ఎత్తుకున్నంకనే నాకు మనసున పట్టలేదు. దేవుడు శిక్షించిండన్నవు, యేసు రాకడ ఇగ దినాలల్లనే ఉన్నదన్నవు. నీకెట్ల తెలిసింది?

2025 ఆగస్టు ఆఖరుకు ఏమైందో మనకు ఎరుకే. కామారెడ్డి దిక్కు ఆగకుండ వాన కొట్టింది, వాగులు పొంగి ఎగువ మానేరుల పడ్డయి. నర్మాల కాడ నీళ్ల నడుమ చిక్కిన రైతులను హెలికాప్టరు వచ్చి తీసుకపోయింది. వాన కొట్టింది ఒక కాడ, మునిగింది ఇంకో కాడ. ఆ పొద్దు ఏటి దిక్కు పోయినోడు పాపి, ఇంట్ల పన్నోడు నీతిమంతుడు అని తీర్పు చెప్తవా?

సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములోని అందరికంటె చెడ్డోళ్లా అని యేసే అడిగి, కాదన్నడు. ఆ వెంటనే మారుమనస్సు మాట అన్నడు నిజమే, దాన్నే నువ్వు పట్టుకున్నవు. కాని ఆ మాట వింటున్నోళ్లను అన్నడు, చచ్చినోళ్లను కాదు. ఇగ రాకడ గడియ అంటవా, అది తనకు కూడ తెలియదని కుమారుడే చెప్పిండు. నీ ఫోనుకు తెలిసిందా?

యోబు గ్రంథం మళ్లొకసారి నిమ్మళంగ చదువు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి, యోబు గోస చూసి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూసున్నరు. ఒక్క మాట అనలేదు. అంతవరకు వాళ్లంత మంచి దోస్తులు లేరు. నాలుగో అధ్యాయంల ఎలీఫజు నోరు తెరిచిండు, ఆడికెల్లి చెడ్డది. వాళ్లు చెప్పినవి పిచ్చి మాటలు కూడ కావు. విడిగ తీసుకుంటె చానామట్టుకు మన పాస్టర్లు చెప్పే మాటలే. ఎదురుగ కూసున్న మనిషికే అవి అతకలేదు. చివరికి దేవునికి కోపం వచ్చింది యోబు మీద కాదు, తన తరఫున వాదించిన ఈ ముగ్గురి మీద. యోబుకన్న కారణం చెప్పిండా అంటే, అదీ లేదు. వరదనీళ్లకు కాలువ తీసిందెవరని ఎదురడిగిండు. ఆ గోసకు కారణమైన, పరలోకంల జరిగిన ముచ్చట చదివేటి మనకు తెలుసు, అనుభవించిన యోబుకు ఆఖరుదాక తెల్వదు.

మెలితే దీవిల పౌలు చేతికి పాము పట్టుకుంటె అక్కడోళ్లు హంతకుడన్నరు. ఏం కాకపోయేసరికి దేవుడన్నరు. రెండూ తప్పే, రెండూ ఒక్క పూటలనే.

ప్రసంగి పదో అధ్యాయంల ఎక్కువ మాట్లాడేటోనికి ఊరికి పోయే తొవ్వ కూడ తెల్వదని ఎక్కిరిస్తడు. పదకొండో అధ్యాయంకొచ్చేసరికి, ఏది మొలుస్తదో తెల్వదు గనుక పొద్దుగాల విత్తు, మాపటికి కూడ చెయ్యి ఆపకు అంటడు. తెల్వదన్నోడు ఊకె కూసోవాలని ఎక్కడ లేదు.

ఆ వీడియో తీసెయ్యి. ఆదివారం ఆరాధన అయినంక నర్మాల పోయి, ఎవరి పొలంల ఇసుక మేట ఇంక మిగిలున్నదో అడుగు. పార ఇంటికాడికెల్లే తీసుకపో. ప్రార్థన వాళ్లడిగితేనే చెయ్యి, చిన్నగ చెయ్యి.

మీ పెద్దబాపు