పలుకని ‘కే’ అక్షరము

తెలిసికొనుట యను నర్థముగల ‘నో’ యను నాంగ్లపదమునకును, మోకాలను నర్థముగల ‘నీ’ యను పదమునకును మొదట ‘కే’ అక్షరమును వ్రాయుదుము గాని పలుకము. డిక్టేషనునందు దానిని విడిచి మార్కులు పోగొట్టుకొనని విద్యార్థి యరుదు. మేమును విసిగినవారమే. అయినను ఆ యక్షరము వ్యర్థము గాదు. పూర్వ మాంగ్లేయులు దానిని పలికెడివారు. సుమారు 17వ శతాబ్దిలో ధ్వని పోయినది, వ్రాత నిలిచినది.

ఆ ‘క’కారము ప్రాచీన బాంధవ్యమునకు సాక్షి. మోకాలు లాటినున ‘గెను’, సంస్కృతమున ‘జాను’. ఆజానుబాహుడనుటలో నున్న దీ పదమే. తెలియుట గ్రీకున ‘గ్నో’, సంస్కృతమున ‘జ్ఞా’. చుట్టములను దెలుపు నాంగ్లపదము ‘కిన్’. లాటినున వంశము ‘గెనుస్’. సంస్కృతమున పుట్టుటకు ధాతువు ‘జన్’. ఇట్లు లాటిను గ్రీకులందలి ‘గ’కు నాంగ్లమున ‘క’, సంస్కృతమున ‘జ’ వరుసగా వచ్చుట కాకతాళీయము గాదు. ఇవన్నియు నొక్క ఇండో-యూరోపియను మూలభాషనుండి చీలిన శాఖలు. జర్మను కుటుంబపు భాషలలో ‘గ’ ‘క’గా మాఱిన క్రమమును యాకబ్ గ్రిమ్ పండితుడు 1822లో వివరించెను.

మఱి తెలుగు మాట యేమి? జ్ఞానము, జానువు మనకు సంస్కృతమునుండి వచ్చినవి. ఎఱుక, మోకాలు మన సొంతములు. తెలుగు సంస్కృతజన్యము గాదనియు, అరవ కన్నడములకు తోబుట్టువనియు ఎల్లిసు దొర 1816లో చెన్నపురియందు నిరూపించెను. కావున రెండు మాటలు పోలియున్నంతనే చుట్టఱికము గలుపరాదు. అనేక పదములలో నొకే ధ్వనిక్రమము కనబడవలెను.

విద్యార్థులారా, ఇకమీద ‘కే’ అక్షరమును వ్రాయునపుడు విసుగుకొనకుడు. అది మౌనముగానే వేల యేండ్ల చరిత్రను చెప్పుచున్నది.